50 మీటర్ల లోతు క్వారీ గుంతలో నీళ్ళు తోడటానికి ఏ పంపు? 60 హెచ్‌పీ తీసుకోమంటున్నారు, సలహా కావాలి

గెలాక్సీ_క్వారీ:
అందరికీ నమస్కారం. మాది చీమకుర్తి దగ్గర బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ క్వారీ. మా మామయ్య, నేను కలిసి చూసుకుంటున్నాం. గుంత పైన 120 మీటర్ల పొడవు, 90 మీటర్ల వెడల్పు ఉంటుంది. అడుగు 50 మీటర్ల లోతుకి చేరింది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా అడుగు బెంచి (అన్నిటికంటే కింది మెట్టు) మొత్తం మునిగింది. 4 మీటర్ల ఎత్తున నీళ్ళు నిలిచాయి. తోడటానికి 23 రోజులు పట్టింది. ఆ 23 రోజులూ ఒక్క బ్లాకు కూడా తీయలేదు, కూలీలు ఊళ్ళకి వెళ్ళిపోయారు.

ఇప్పుడున్నది 15 హెచ్‌పీ బోరు సబ్‌మర్సిబుల్ (నీళ్ళలో మునిగి నడిచే పంపు). దాన్నే అడుగున పడుకోబెట్టి వాడుతున్నాం. పైపు 4 అంగుళాలు. రెండేళ్ళలో రెండుసార్లు మోటారు వైండింగ్ (లోపలి తీగ చుట్ట) కాలింది. మధ్యలో ఒక మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకటిగా ఉండి బయట నుంచి పీల్చేది) తెచ్చి పై బెంచి మీద పెట్టి చూశాం. నీళ్ళకి 9 మీటర్ల ఎత్తున ఉంది. మోటారు తిరిగింది గానీ చుక్క నీరు రాలేదు.

ఒంగోలులో డీలర్ 60 హెచ్‌పీ, 90 మీటర్ల హెడ్ (నీళ్ళు ఎత్తగల ఎత్తు) ఉన్న పంపు తీసుకోమంటున్నాడు. పెద్దది ఉంటే ఏ తుఫానుకైనా పనికొస్తుందని ఆయన మాట. మామయ్య కూడా సరేనన్నాడు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. అంత డబ్బు రెండోసారి పెట్టలేం. తెలిసినవాళ్ళు చెప్పండి.

తాండూరు_బండలు:
అన్నా, మా బండల క్వారీల్లో 5 హెచ్‌పీ ఓపెన్‌వెల్ సబ్‌మర్సిబుల్ చాలు. కరెంటు లేనిచోట డీజిల్ ఇంజను పంపు. 60 హెచ్‌పీ నేనెప్పుడూ చూడలేదు. రెండు మూడు డీజిల్ ఇంజన్లు తీసుకో, ఎక్కడికైనా మోసుకెళ్ళొచ్చు.

పంపుసెట్టు_మెకానిక్:
తాండూరు అన్నా, మీ గుంతల లోతు ఎంత? నేను చూసిన నాపరాయి క్వారీల్లో 8, 10 మీటర్లకి మించి లేదు. ఆ లోతుకి మీరన్నది సరిపోతుంది. 50 మీటర్లంటే సంగతి వేరు. డీజిల్ ఇంజను పంపు పైన కూర్చుని నీళ్ళు పీల్చాలి. ఆ పీల్చడం దగ్గరే కథ ఆగిపోతుంది.

గెలాక్సీ తమ్ముడూ, మీ మోనోబ్లాక్‌లో లోపం లేదు. నీటిని పంపు లాగుతుందని అనుకుంటాం గానీ, నిజానికి బయటి గాలి బరువే నీటిని పైపులోకి తోస్తుంది. ఆ గాలి ఎంత తోసినా లెక్క ప్రకారం 10.3 మీటర్లే. ఫుట్ వాల్వ్, వంపులు, పైపు రాపిడి పోను చేతికి దక్కేది 6 మీటర్లు. ఎంత పెద్ద మోటారు పెట్టినా ఈ అంకె మారదు. మీరు 9 మీటర్ల మీద పెట్టారు. ఇంపెల్లర్‌లో (పంపు లోపల తిరిగే రెక్కల చక్రంలో) ఆవిరి బుడగలు ఏర్పడి లోపల గులకరాళ్ళు తిరుగుతున్నట్టు చప్పుడు వచ్చి ఉండాలి.

ఇక బోరు పంపు ఎందుకు కాలుతోందంటే, అది బోరు గొట్టం కోసం చేసింది. కింద మోటారు, దాని పైన నీళ్ళు పీల్చే జాలీ. సన్నని బోరులో నీళ్ళు మోటారు ఒంటిని రాసుకుంటూ పైకి వెళ్తాయి, అదే దానికి చల్లదనం. గుంతలో పడుకోబెడితే నీళ్ళు నేరుగా జాలీలోకి పోతాయి. మోటారు చుట్టూ నీళ్ళు కదలవు, పైగా రాతి పిండి పేరుకుంటుంది. వేడికి వైండింగ్ పోతుంది. దాన్నే వాడాలనుకుంటే మోటారు వెనక నుంచి జాలీ దాటేదాకా ఒక పెద్ద పైపు తొడిగి, జాలీ వైపు చివర మూసెయ్యండి. అప్పుడు నీళ్ళు మోటారు మీదుగానే రావాలి. నేను ఇలా తొడిగినవి నాలుగేళ్ళుగా నడుస్తున్నాయి.

గెలాక్సీ_క్వారీ:
చప్పుడు సరిగ్గా అలాగే వచ్చింది అన్నా. బేరింగ్ పోయిందనుకుని విప్పించాం కూడా.

గని_ఇంజనీర్:
నేను కొత్తగూడెంలో మైనింగ్ చదివి, పదిహేనేళ్ళుగా ఓపెన్‌కాస్ట్ గనుల్లో పనిచేస్తున్నాను. డీలర్‌తో మాట్లాడే ముందు రెండు అంకెలు కావాలి.

ఒకటి, వాన లేనప్పుడు ఊట ఎంత? మీ సంప్ (అడుగున నీళ్ళు చేరే గుంట) పొడవు వెడల్పు కొలవండి. పంపు ఆపి, సంప్‌లో ఒక కర్ర పాతి గుర్తు పెట్టండి. 10 గంటల తర్వాత నీళ్ళు ఎంత పెరిగాయో చూడండి.

రెండు, తుఫానప్పుడు మీ దగ్గర ఎంత వాన పడింది? నిటారు గోడలున్న డబ్బా ఏదైనా బయట పెట్టి ఉంటే ఆ కొలత చాలు.

గెలాక్సీ_క్వారీ:
సంప్ 20 మీటర్లు, 15 మీటర్లు. రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకా పంపు ఆపాం. 40 సెంటీమీటర్లు పెరిగింది.

వాన కొలత మామయ్య దగ్గర ఉంది. పొగాకు వేసే రోజుల నుంచి ఆయనకి వాన రాసిపెట్టుకునే అలవాటు. ఆ తుఫానుకి రెండు రోజుల్లో 22 సెంటీమీటర్లు. అడుగు బెంచి 70 మీటర్లు, 55 మీటర్లు.

గని_ఇంజనీర్:
మామయ్యకి నా నమస్కారం చెప్పండి. ఆయన రాసిన వాన లెక్క లేకపోతే అసలు విషయం బయటపడేది కాదు.

ఊట: 20 ఇంటూ 15 ఇంటూ 0.4 అంటే 120 ఘనపు మీటర్లు. 10 గంటల్లో వచ్చింది కాబట్టి గంటకి 12. రోజుకి 288 ఘనపు మీటర్లు, అంటే 2 లక్షల 88 వేల లీటర్లు. ఇది మీ రోజువారీ భారం.

వాన: గుంత నోరు 120 ఇంటూ 90, అంటే 10,800 చదరపు మీటర్లు. 22 సెంటీమీటర్ల వాన నేరుగా గుంతలో పడితే వచ్చేది 2,376 ఘనపు మీటర్లు. రెండు రోజుల ఊట కలిపినా 3,000 దాటదు.

మరి మీ గుంతలో నిలిచిందెంత? 70 ఇంటూ 55 ఇంటూ 4. అంటే 15,400 ఘనపు మీటర్లు.

ఆ తేడా చూడండి. దాదాపు 12,400 ఘనపు మీటర్లు ఆకాశం నుంచి మీ గుంతలో పడలేదు. బయటి నేల మీద పడి, పారుతూ వచ్చి మీ గుంతలో దూకింది. 23 రోజుల్లో ఎక్కువ భాగం మీరు తోడింది పక్క పొలాల మీద, రోడ్డు మీద పడిన నీళ్ళు. వాటిని గుంతలోకి రానివ్వకపోతే 50 మీటర్లు పైకి ఎత్తే పనే ఉండదు. గుంత చుట్టూ గట్టు వేసి, ఎగువ వైపు కాలువ తవ్వి మళ్ళించండి. మీ దగ్గర హిటాచీ ఉంది, వేస్టు రాయి ఉంది. పంపు ఎంచుకోవడం ఆ తర్వాత.

గెలాక్సీ_క్వారీ:
సార్, ఇది చదివి మామయ్యా నేనూ వెంటనే వెళ్ళి చూశాం. పడమర వైపు బండ్ల బాట నేరుగా గుంత అంచుకే వస్తోంది. గోడ మీద నీళ్ళు దిగిన చారలు ఇప్పటికీ ఉన్నాయి. రోజూ ఆ దారినే తిరుగుతూ ఇన్నాళ్ళూ గమనించలేదు. రేపే మొదలుపెడతాం. కాలువ అయ్యాక ఎంత పంపు కావాలి?

గని_ఇంజనీర్:
మీ దగ్గర ఒక్క రోజులో 15 సెంటీమీటర్లు పడినా తట్టుకునేలా లెక్క వేద్దాం. నేరుగా పడేది 1,620 ఘనపు మీటర్లు. రోజులో 20 గంటలు పంపు నడుస్తుందనుకుంటే గంటకి 81. ఊట 12 కలిపితే 93. గంటకి 100 ఘనపు మీటర్లు పెట్టుకోండి. డీలర్ లీటర్లలో అడిగితే సెకనుకి 28 లీటర్లు.

ఇప్పుడు హెడ్. చాలామంది లోతునే హెడ్ అనుకుని అక్కడే దెబ్బ తింటారు. సంప్ నీటి మట్టం నుంచి పైన నీళ్ళు పడేచోటి దాకా నిలువు ఎత్తు మీకు 52 మీటర్లు అనుకుందాం. దానికి పైపు రాపిడి కలపాలి. పైపు బండ్లు దిగే ర్యాంపు పక్కనే వస్తే పొడవు 170 మీటర్లు ఉంటుందా? గంటకి 100 ఘనపు మీటర్లు 4 అంగుళాల పైపులో పంపితే వేగం సెకనుకి మూడున్నర మీటర్లు. రాపిడి ఒక్కటే దాదాపు 19 మీటర్లు తినేస్తుంది. అవే నీళ్ళు 6 అంగుళాల పైపులో వెళ్తే రాపిడి 3 మీటర్ల లోపే. నేను చెప్పేది లోపలి కొలత. హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు మీద రాసి ఉండేది బయటి కొలత, కొనేటప్పుడు చూసుకోండి.

6 అంగుళాలతో వంపులు, వాల్వులు కలిపి మొత్తం హెడ్ 57 మీటర్లు. ఇక కరెంటు: ఘనపు మీటర్లని హెడ్‌తో గుణించి 367తో భాగించండి. 100 ఇంటూ 57 బై 367, 15.5 కిలోవాట్లు. బురదనీటి పంపు సామర్థ్యం 60 శాతం అనుకుంటే 26 కిలోవాట్లు, అంటే 35 హెచ్‌పీ. 40 హెచ్‌పీ మోటారు సరిపోతుంది.

4 అంగుళాల పైపే ఉంచితే ఆ అదనపు 16 మీటర్లకి గంటకి 7 యూనిట్లు వృథా. పైపు డబ్బు ఒక్కసారే పెడతారు, కరెంటు బిల్లు ప్రతి నెలా కడతారు.

పంపుసెట్టు_మెకానిక్:
సార్ లెక్క నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంకొకటి చేర్చాలి. 90 మీటర్ల హెడ్ పంపు తెచ్చి 57 మీటర్ల దగ్గర వాడితే ఏమవుతుందో డీలర్లు చెప్పరు. హెడ్ ఎక్కువ ఉంటే మంచిదేగా అనుకుంటారు అందరూ. సెంట్రిఫ్యూగల్ పంపుకి ఎదురు బరువు తగ్గితే నీళ్ళు ఎక్కువ పోస్తుంది, నీళ్ళు ఎక్కువ పోసేకొద్దీ మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. మోటారును కాపాడే ఓవర్‌లోడ్ రిలే పడిపోయి మాటిమాటికీ ఆగిపోతూ ఉంటుంది. విసుగొచ్చి ఎవరో రిలే సెట్టింగ్ పెంచుతారు. ఆ తర్వాత మోటారు కాలుతుంది. ఇలా కాలినవి నా షెడ్డుకి ప్రతి వానాకాలం వస్తాయి.

ఇదే చిక్కు సరైన పంపుకి కూడా ఒక సందర్భంలో వస్తుంది. గుంత నిండినప్పుడు నీటి మట్టం పైకి వచ్చి ఉంటుంది కదా. 52 మీటర్ల ఎత్తు 40కి తగ్గిందనుకోండి, పంపు అతిగా పోస్తుంది. అందుకని పైన డెలివరీ వాల్వ్ పెట్టి, మొదట్లో కొంచెం మూసి ఆంపియర్ మీటర్ చూస్తూ నడపండి. మట్టం దిగేకొద్దీ వాల్వ్ తెరుచుకుంటూ పోండి.

రకం విషయానికొస్తే, మీకు కావలసింది గనుల్లో నీళ్ళు తోడటం కోసం చేసిన డీవాటరింగ్ సబ్‌మర్సిబుల్. దానిలో నీళ్ళు మోటారు చుట్టూ ఉన్న తొడుగులోంచి పైకి వెళ్తాయి. సంప్ అడుగంటి గాలీ నీళ్ళూ కలిపి లాగుతున్నా బోరు మోటారులా వెంటనే కాలదు. మోటారులోకి నీళ్ళు రాకుండా రెండు మెకానికల్ సీళ్ళు, మధ్యలో నూనె గది ఉంటాయి. ఇంపెల్లర్ హై క్రోమ్ ఇనుముది అడగండి. వైర్ సాతో (తీగ రంపంతో) రాయి కోసినప్పుడు వచ్చే రాతి పిండి మామూలు పోత ఇనుమును ఒక్క సీజన్‌లో పలచన చేస్తుంది. మీ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటాం గానీ భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి, ఇసుకరాయిలా క్వార్ట్జ్ నిండి ఉండదు. అయినా అరుగుదల తప్పదు.

నూనె గదిలో నూనె మూడు నెలలకోసారి చూడండి. పాలలా తెల్లగా మారితే కింది సీలు పోయిందని అర్థం. అప్పుడే ఆపితే సీలు ఖర్చుతో పోతుంది, లేకపోతే మోటారు ఖర్చు.

గెలాక్సీ_క్వారీ:
ఒక సందేహం. వాన లేని రోజుల్లో గంటకి 12 ఘనపు మీటర్లే కదా వచ్చేది. దానికి 40 హెచ్‌పీ నడపాలా?

గని_ఇంజనీర్:
వద్దు. రెండు పంపులు పెట్టుకోండి. రోజువారీ ఊటకి గంటకి 25 ఘనపు మీటర్లు పోసే చిన్నది, 12.5 హెచ్‌పీ. రోజుకి పన్నెండు గంటలు తిరిగితే ఊట అయిపోతుంది. దానికి మీ పాత 4 అంగుళాల పైపే చాలు. 40 హెచ్‌పీది వానకి మాత్రమే. 60 హెచ్‌పీ ఒక్కటే కొంటే సంవత్సరంలో మూడొందల రోజులు అది పది నిమిషాలు తిరిగి ఆగుతూ, మళ్ళీ స్టార్ట్ అవుతూ పాడవుతుంది. పైగా అది పోయిన రోజు చేతిలో ఇంకొకటి ఉండదు.

పెద్దదాన్ని వాడని రోజుల్లో కూడా వారానికోసారి పది నిమిషాలు తిప్పండి.

కరెంటు_లెక్కలు:
నేను విద్యుత్ ఇంజనీర్‌ని. పంపు గురించి అంతా చెప్పారు, కేబుల్ గురించి ఎవరూ చెప్పలేదు. 40 హెచ్‌పీ మోటారు 415 వోల్టుల దగ్గర సుమారు 55 ఆంపియర్లు లాగుతుంది. 200 మీటర్ల కేబుల్ 16 చదరపు మిల్లీమీటర్ల రాగిది వేస్తే దారిలోనే 22 వోల్టులు పోతాయి. 25 చదరపు మిల్లీమీటర్లది వేయండి, 14 వోల్టులతో సరిపోతుంది. పల్లె లైన్లలో అసలే వోల్టేజీ తక్కువ, అందులో ఇంకా పోగొట్టుకుంటే మోటారు వేడెక్కుతుంది.

స్టార్టర్ ప్యానెల్ పైన, నీళ్ళు చేరని చోట ఉండాలి. ఒక ఫేజు పోతే మోటారును ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్, నీళ్ళు లేకపోతే ఆపే డ్రై రన్ రక్షణ, కరెంటు లీకైతే ఆపే ఎర్త్ లీకేజీ రిలే మూడూ తప్పనిసరి. తుఫానప్పుడు మొదట పోయేది కరెంటే కాబట్టి జనరేటర్ లేకుండా పంపు కొనడం సగం పనే. స్టార్టర్ రకాన్ని బట్టి 75 నుంచి 100 కేవీఏ దాకా కావాలి. మోటారును మెల్లగా వేగం అందుకునేలా చేసే సాఫ్ట్ స్టార్టర్ పెడితే తక్కువలో సరిపెట్టుకోవచ్చు.

ఇంకో మాట, ఇది దయచేసి కూలీలందరికీ చెప్పండి. పంపు నడుస్తుండగా ఎవరూ సంప్ నీళ్ళలో దిగకూడదు. జాలీలో చెత్త పడిందని చెప్పి, స్విచ్ ఆపకుండా నీళ్ళలో చెయ్యి పెట్టిన ఒక కుర్రాడిని మేము ఒక క్వారీలో పోగొట్టుకున్నాం. అక్కడ ఎర్త్ తీగ ఉంది గానీ మధ్యలో తెగి ఉంది. పంపును పైకి తీసేటప్పుడు కూడా గొలుసుతోనే లాగాలి, కేబుల్ పట్టుకుని లాగకూడదు. కేబుల్ లోపలికి వెళ్ళేచోట సీలు కదిలితే నీళ్ళు మోటారులోకి దిగుతాయి.

గెలాక్సీ_క్వారీ:
మేడమ్, ఆ కుర్రాడి సంగతి చదివి చాలా బాధగా ఉంది. మావాళ్ళు కూడా కేబుల్ పట్టుకునే లాగుతున్నారు. ఈ రోజే ఆపించాను. ఎర్త్ కూడా కొలిపిస్తాను.

పల్లె_బావి:
నేను క్వారీవాడిని కాదు, క్వారీల మధ్య ఉన్న రైతుని. మీరు తోడే నీళ్ళు ఎక్కడ వదులుతారు? మా పక్క క్వారీవాళ్ళు రాతి పిండి నీళ్ళని వాగులోకి వదిలితే మా మడి మీద తెల్లటి పొర కట్టింది. ఆరాక సిమెంటులా గట్టిపడి నీళ్ళు ఇంకవు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మీ గుంత లోతు పెరిగేకొద్దీ మా బావుల్లో నీళ్ళు కిందికి పోతున్నాయి. గంటకి 12 ఘనపు మీటర్ల ఊట అంటున్నారే, అది ఎక్కడి నుంచో వస్తోంది.

గెలాక్సీ_క్వారీ:
మీరన్నది న్యాయమే అన్నా. ఇప్పటిదాకా మేం కూడా పోరంబోకులోకి వదిలేస్తున్నాం. ఏం చేస్తే బాగుంటుందో మీరే చెప్పండి.

పల్లె_బావి:
రెండు తొట్లు కట్టండి. మొదటిదాంట్లో పిండి దిగాక, తేరిన నీళ్ళు రెండోదాంట్లోకి పొర్లాలి. ఆ నీళ్ళు మాకు ఇవ్వండి. ఎండాకాలంలో అవే మా చెట్లను బతికిస్తాయి. పైపు మేమే వేసుకుంటాం.

గని_ఇంజనీర్:
ఈ తొట్టి పద్ధతి గుంత లోపల కూడా పాటించండి. సంప్‌కి ముందు ఒక చిన్న గుంట ఉంటే రాతి పిండి అక్కడే దిగిపోతుంది. పంపుని సంప్ అడుగున పెట్టకుండా అర మీటరు ఎత్తున దిమ్మె మీద కూర్చోబెట్టండి. మిగతా నీళ్ళు రోడ్ల మీద దుమ్ము అణచడానికి ట్యాంకర్‌కి వాడుకోవచ్చు.

బొగ్గుబాయి_రిటైర్డ్:
తమ్ముడూ, ఆలస్యంగా చూసిన. నేను గోదావరిఖనిలో 31 ఏండ్లు పనిచేసిన, అందులో 12 ఏండ్లు పంపు ఆపరేటర్‌గా. మా బొగ్గు బాయిలల్ల (గనులల్ల) నీళ్ళు ఒక్క ఎత్తులో పైకి రావు. ఫేస్ (బొగ్గు తవ్వే చోటు) దగ్గర చిన్న పంపు, అక్కడి నుంచి సెక్షన్ సంప్, అక్కడి నుంచి మెయిన్ సంప్, ఆ తర్వాత పెద్ద మల్టీస్టేజ్ పంపుతో సర్ఫేస్‌కు. గ్యాస్ ఉంటుంది కాబట్టి మోటార్లు, స్విచ్‌లు లోపలి మంట బయటికి రానియ్యని ఫ్లేమ్‌ప్రూఫ్‌వే ఉండాలె. మీ గుంత రేపు 80, 90 మీటర్లకు పోతే మీరు కూడా మధ్య బెంచి మీద ఒక ట్యాంకు పెట్టి రెండు మెట్లలో ఎత్తుకోవచ్చు. ఇప్పుడు కొనే 40 హెచ్‌పీ అప్పుడు కింది మెట్టుకు పనికొస్తది, పారేసుకోవద్దు.

నేను అడగాలనుకున్నది వేరే. మీ పక్కన నీళ్ళు నిండిన పాత గుంత ఏదన్న ఉన్నదా? ఉంటే మధ్యల రాయి ఎంత మందం?

గెలాక్సీ_క్వారీ:
ఉంది సార్. ఉత్తరం వైపు పనిచేయని గుంత ఉంది, నిండా నీళ్ళు. మధ్యలో గోడ ఎంతుందో సరిగ్గా కొలవలేదు. ఊట కూడా ఎక్కువగా ఆ వైపు నుంచే వస్తోంది.

బొగ్గుబాయి_రిటైర్డ్:
అయితే పంపు కంటే ముందు అదే కొలిపించు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ అనే బొగ్గు గనిల నీళ్ళు ఒక్కసారి చొచ్చుకొచ్చి 17 మంది పోయిండ్రు. ఇప్పటి ఝార్ఖండ్‌ల చాస్‌నాలా బొగ్గు గనిల 1975 డిసెంబర్ 27న 375 మంది. అట్ల వచ్చే నీళ్ళకు ఏ పంపూ జవాబు కాదు, మనిషికి పరుగెత్తే టైం కూడా ఇయ్యవు. నీళ్ళున్న పాత పనులకు (తవ్వి వదిలేసిన చోట్లకు) 60 మీటర్ల లోపల తవ్వాలంటే గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ అనుమతి కావాలె. అది కాగితం కోసం పెట్టిన రూలు కాదు, పోయిన ప్రాణాలను చూసి పెట్టింది.

సర్వేయర్‌ను పిలిచి మధ్యల గోడ కొలిపించు. పక్క గుంతల నీటి మట్టం ఎంతున్నదో కర్ర పాతి వారం వారం రాసిపెట్టు. మీ ఊట ఉన్నట్టుండి పెరిగినా, తేటగా వచ్చే ఊట బురదగా మారినా మనుషులను, మెషిన్లను పైకి తీసెయ్యి. తర్వాత ఆలోచించు.

పంపుసెట్టు_మెకానిక్:
పెద్దాయన మాట అందరూ రాసిపెట్టుకోండి. నేనైతే పంపు అమర్చడానికి వెళ్ళిన ప్రతిచోటా ఇక నుంచి ఈ ప్రశ్న అడుగుతాను.

గెలాక్సీ_క్వారీ:
చాలా రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి. అన్నీ అయ్యాక చెబుదామని ఆగాను.

సర్వే చేయించాం. ఉత్తరం వైపు గోడ ఒకచోట 38 మీటర్లే ఉంది. ఆ వైపు పని పూర్తిగా ఆపేశాం, అనుమతికి దరఖాస్తు చేశాం. మామయ్యకి మొదట కోపం వచ్చింది, మంచి రాయి ఆ వైపే ఉంది మరి. బొగ్గుబాయి సార్ రాసింది చదివి వినిపించాను. ఆయన మాట్లాడలేదు. మరుసటి రోజు తనే వెళ్ళి అక్కడున్న హిటాచీని ఇవతలికి రప్పించాడు.

పడమర, దక్షిణం వైపు గట్టు, కాలువ పూర్తయ్యాయి. 40 హెచ్‌పీ డీవాటరింగ్ పంపు, 6 అంగుళాల పైపు, 12.5 హెచ్‌పీ చిన్న పంపు తీసుకున్నాం. రెండు పంపులు, కొత్త పైపు కలిపినా డీలర్ చెప్పిన 60 హెచ్‌పీ ధర కంటే కొంచెమే ఎక్కువైంది. జనరేటర్ ప్రస్తుతానికి అద్దెకు మాట్లాడుకున్నాం.

పెద్ద పంపు అమర్చిన రోజు సంప్‌లోనే కొలిచాను. గంటలో 30 సెంటీమీటర్లు దిగింది. అంటే 90, ఊట 12 కలిపి 102 ఘనపు మీటర్లు. ఆంపియర్లు 52.

మొన్న ఒక్క రాత్రిలో 11 సెంటీమీటర్ల వాన పడింది. కాలువ నిండా పారింది, గుంత అంచుకి నీళ్ళు రాలేదు. పొద్దున 6కి పంపు వేస్తే రాత్రి 8కల్లా అడుగు బెంచి బయటపడింది. మర్నాడు పనిలోకి అందరూ వచ్చారు.

పల్లె_బావి అన్న చెప్పినట్టు తొట్లు రెండూ కట్టాం. తేరిన నీళ్ళు దక్షిణం వైపు ఉన్న ఇద్దరు రైతుల నిమ్మతోటలకి వెళ్తున్నాయి.

గని_ఇంజనీర్:
మొదట్లో డెలివరీ వాల్వ్ ఎంత మూసి నడిపారు?

గెలాక్సీ_క్వారీ:
వానప్పుడు నీళ్ళు అడుగు నుంచి చాలా ఎత్తుకి రాలేదు సార్, కాబట్టి కొద్దిగా మూస్తే చాలింది. 55 ఆంపియర్లు దాటకుండా చూసుకున్నాం. మూడు గంటల తర్వాత పూర్తిగా తెరిచాం.

బొగ్గుబాయి_రిటైర్డ్:
పక్క గుంతల కర్ర పాతినవా తమ్ముడూ?

గెలాక్సీ_క్వారీ:
పాతాను సార్. ప్రతి సోమవారం మామయ్యే వెళ్ళి చూసి, వాన రాసే పుస్తకంలోనే పక్క గళ్ళో రాస్తున్నాడు. మొన్నటి వానకి అక్కడ 14 సెంటీమీటర్లు పెరిగింది. మా ఊట 12 దగ్గరే ఉంది, నీళ్ళు తేటగానే వస్తున్నాయి.

బొగ్గుబాయి_రిటైర్డ్:
మంచిది. అనుమతి జవాబు వచ్చేదాక ఆ వైపు ఎవ్వరినీ పోనియ్యకు. వచ్చే సోమవారం అంకె కూడా ఇక్కడ రాయి, నేను చూస్త.